ఓవేర్ చర్చి వెనక ఆకాశం ఎందుకు వెలిసిపోలేదు?

విన్సెంట్ వాన్ గో 1890 జూన్‌లో వేసిన, ఫ్రాన్స్‌లోని ఓవేర్ ఊరి చర్చి బొమ్మ చూసి, ఇన్నేళ్లయినా ఆకాశం అంత చిక్కటి నీలంగా ఎలా ఉందని ఒక పాఠకురాలు అడిగారు. సగం జవాబు ఆయన చెల్లెలు విలెమీన్‌కు రాసిన ఉత్తరంలోనే ఉంది. ఆకాశానికి అచ్చమైన కోబాల్ట్ (కోబాల్ట్ అనే లోహంతో చేసే నీలిరంగు) వాడానని, కిటికీ అద్దాలు అల్ట్రామెరీన్ మరకల్లా ఉన్నాయని రాశాడు. అల్ట్రామెరీన్ అంటే మన తెల్లబట్టలకు పెట్టే నీలం పొడిలో ఉండే రంగే. నాకు మాత్రం కోబాల్ట్ అంటేనే మోజు.

జర్మనీలోని సాక్సనీ గనుల్లో ఒకప్పుడు కోబాల్ట్ ఖనిజాన్ని కరిగిస్తే వెండి రాకపోగా విషపు పొగ వచ్చేది. భూతాల పని అనుకున్నారు. అది ఆర్సెనిక్ పొగ. భూతమే కారణమని నమ్మాక పొగ సంగతి ఎవరికి పడుతుంది? మూఢనమ్మకంతో వచ్చే అసలు నష్టం అదే.

ఇంటర్ ల్యాబ్‌లో గులాబీ రంగు కోబాల్ట్ క్లోరైడ్ ద్రావణంలో గాఢ హైడ్రోక్లోరికామ్లం పోస్తే నీలంగా మారుతుంది. సమతాస్థితి పాఠం కింద చూపించి వదిలేస్తారు. రంగెందుకు మారిందో చెప్పరు, అసలు అందమంతా అక్కడే ఉంది! నీళ్లలో కోబాల్ట్ అయాన్ చుట్టూ ఆరు నీటి అణువులుంటాయి. ఆ అష్టముఖి అమరికకు సౌష్ఠవ కేంద్రం ఉంది (ప్రతి నీటి అణువుకూ సరిగ్గా ఎదురుగా మరొకటి ఉంటుంది) కాబట్టి, రంగుకు కారణమైన డి-ఎలక్ట్రాన్లు వెలుగును పీల్చుకుని పై స్థాయికి గెంతడానికి దాదాపు అనుమతి లేదు. కొద్దిగా ఆకుపచ్చ వెలుగును పీల్చుకుని లేత గులాబీగా కనిపిస్తుంది. ఆమ్లం పోస్తే ఆరింటి చోట నాలుగు క్లోరైడ్లు చేరతాయి. చతుర్ముఖికి ఆ కేంద్రం లేదు, నిషేధం సడలుతుంది. ఆ గెంతుకు కావలసిన శక్తి అంతరం కూడా తగ్గుతుంది (చుట్టూ ఉన్నవి అవే అయితే 4/9 వంతుకు). అప్పుడు నారింజ, ఎరుపు వెలుగును గట్టిగా పీల్చుకుంటుంది, నీలం మిగులుతుంది.

1802లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త తెనార్ కోబాల్ట్ లవణాన్ని అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్)తో కలిపి కాల్చి చేసిన నీలిరంగు కోబాల్ట్ బ్లూలోనూ ఇదే జరుగుతుంది. కాకపోతే క్లోరైడ్ల బదులు నాలుగు ఆక్సిజన్లు, అవీ స్ఫటికంలో బిగిసిపోయినవి. తేమ తగిలినా అమరిక మారదు.

చర్చి బొమ్మకు నెల ముందు, 1890 మేలో వాన్ గో వేసిన గులాబీలు ఇప్పుడు దాదాపు తెల్లబడ్డాయి. వాటిలో వాడిన ఎరుపు ఈయోసిన్ అనే సేంద్రియ రంగు, దాని అణువులు వెలుగుకు విరిగిపోతాయి. కోబాల్ట్ బ్లూలో ఎలక్ట్రాన్ వెలుగును పీల్చుకుని పైకెక్కుతుంది, ఆ శక్తిని వేడిగా విడిచి మళ్లీ తన చోటికే వస్తుంది. ఈ రాకపోకల్లో ఏ బంధమూ తెగదు.