కనేరియా బ్యాన్ సరే, మెర్విన్ వెస్ట్‌ఫీల్డ్ సంగతేంటి?

పాకిస్తాన్ మాజీ స్పిన్నర్ దానిష్ కనేరియా మైక్ ముందుకొచ్చిన ప్రతిసారీ ఇదే గొడవ. 2025 మార్చిలో వాషింగ్టన్‌లో పాకిస్తాన్ మైనారిటీల గురించి మాట్లాడినప్పుడూ అంతే, హిందువు కాబట్టే కెరీర్ నాశనం చేశారని షేర్ల మీద షేర్లు. టీమ్‌లో వివక్ష ఉందన్నది నేను కాదనను, కొందరు అతనితో కలిసి తినడానికి కూడా ఇష్టపడేవాళ్లు కాదని 2019లో షోయబ్ అక్తరే చెప్పాడు. కానీ లైఫ్ బ్యాన్ వేసింది పాకిస్తాన్ బోర్డు కాదు, 2012లో ఇంగ్లండ్ బోర్డు, అదీ ఇంకో కుర్రాడి కెరీర్ మొదట్లోనే ముగిసిపోయిన స్పాట్ ఫిక్సింగ్ (డబ్బు తీసుకుని మ్యాచ్‌లో ఒక భాగాన్ని ముందే అనుకున్నట్టు ఆడటం) కేసులో.

ఆ కుర్రాడు మెర్విన్ వెస్ట్‌ఫీల్డ్. ఇంగ్లండ్ దేశవాళీ టీమ్ (వాళ్లు కౌంటీ అంటారు) ఎసెక్స్ ఫాస్ట్ బౌలర్, 2005లో పదిహేడేళ్లకే కౌంటీకి ఆడాడు గానీ టీమ్‌లో ప్లేస్ ఎప్పుడూ గ్యారంటీ లేదు, ఈ మ్యాచ్ ఆడితే వచ్చే మ్యాచ్ బయటే. 2009 సెప్టెంబర్‌లో డర్హమ్‌తో 40 ఓవర్ల మ్యాచ్, టీవీలో లైవ్. మొదటి ఓవర్లో 12 రన్స్ ఇస్తే 6 వేల పౌండ్లు అని బుకీతో బేరం. ఇచ్చింది 10 రన్సే, అయినా డబ్బు చేతికొచ్చింది. అప్పటికి అతనికి 21 ఏళ్లు.

నన్నడిగితే కథంతా తిరిగింది డ్రెస్సింగ్ రూమ్‌లోనే. కనేరియా అప్పటికే పెద్ద టెస్ట్ స్పిన్నర్, ఎసెక్స్‌కి స్టార్, వెస్ట్‌ఫీల్డ్‌కి ఆ బుకీని పరిచయం చేసింది అతనే. మిగతా ప్లేయర్ల దగ్గర కూడా ఇలాంటి మాటలే తెస్తే వాళ్లు జోక్ అనుకుని వదిలేశారు, అప్పుడే ఒక్కరైనా పైకి చెప్పుంటే వెస్ట్‌ఫీల్డ్ దాకా వచ్చేదే కాదు. ప్లాస్టిక్ కవర్లో నోట్లు టీమ్‌మేట్ టోనీ పల్లడినోకి చూపించాడు వెస్ట్‌ఫీల్డ్, చివరికి ఆ పల్లడినోనే సాక్ష్యం చెప్పాడు.

2010లో పోలీసులు ఇద్దర్నీ ప్రశ్నించారు, సాక్ష్యం చాలదని కనేరియాని వదిలేసి వెస్ట్‌ఫీల్డ్ మీద కేసు పెట్టారు. అతను తప్పు ఒప్పుకున్నాడు, 2012 ఫిబ్రవరిలో లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టు 4 నెలల జైలు వేసింది. స్పాట్ ఫిక్సింగ్‌లో జైలుకెళ్లిన మొదటి కౌంటీ ప్లేయర్ అతనే. తర్వాత ఐదేళ్ల బ్యాన్.

కనేరియా మాత్రం నాకేం సంబంధం లేదంటూ అప్పీలు మీద అప్పీలు వేశాడు, 2013లో వెస్ట్‌ఫీల్డ్ వచ్చి అతని మీద సాక్ష్యం చెప్పాల్సొచ్చింది, అప్పీలు కొట్టేశారు. 2018 అక్టోబర్‌లో అల్ జజీరాకిచ్చిన ఇంటర్వ్యూలో గానీ ఒప్పుకోలేదు, వెస్ట్‌ఫీల్డ్‌కి సారీ కూడా అప్పుడే చెప్పాడు. ఆరేళ్లు ఆ కుర్రాడి మాట నిజమా అబద్ధమా అని జనం అనుకుంటూనే ఉన్నారు! 2020లో మళ్లీ ఆడనివ్వమని పాకిస్తాన్ బోర్డుని అడిగితే ఇంగ్లండ్ బోర్డునే అడగమంది.

బ్యాన్ ఎత్తేయాలని పోస్టులు పెట్టేవాళ్లు ముందు ఆ 2018 ఇంటర్వ్యూ చూడండి. వివక్ష మీద అతను చెప్పేది వినాల్సిందే, కానీ దాంతో ఈ కేసు మాసిపోదు. వెస్ట్‌ఫీల్డ్ ప్లేయర్ల సంఘంతో కలిసి కుర్ర ప్లేయర్లకి తన అనుభవం చెప్పాడు, అందుకే 2014 నుంచి క్లబ్ క్రికెట్ ఆడనిచ్చారు. కౌంటీ క్రికెట్‌లోకి మాత్రం మళ్లీ రాలేదు.