బందరులో ఏముంది అని అడిగారు కదా

చిరంజీవులు పిల్లలందరికీ అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో మీలో పెద్దవాడు "అమ్మమ్మా, బందరులో చూడ్డానికి ఏముంది?" అని అడిగాడు. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని అప్పుడు ఊరుకున్నాను. తెలుగు గడగడా చదివేస్తున్నారని మీ అమ్మ చెప్పింది కాబట్టి ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. ఎక్కడైనా అర్థం కాకపోతే గుర్తు పెట్టుకుని అడగండి.

మ్యాపులో మచిలీపట్నం అని ఉంటుంది, మాకు బందరు. విజయవాడ నుంచి 70 కిలోమీటర్లు. రైల్లో అయితే గుడివాడ మీదుగా రావాలి. బందరు స్టేషన్లో పట్టాలు అయిపోతాయి, ఆపైన వెళ్లడానికి రైలు లేదు. కానీ ఒకప్పుడు ప్రయాణాలు ఇక్కడే మొదలయ్యేవి. గోల్కొండ సుల్తానుల కాలంలో వాళ్ల రాజ్యానికి పెద్ద రేవు ఇదే. పర్షియా ఓడలు ఇక్కడికి వచ్చేవి. డచ్చివాళ్లు వచ్చారు, 1611లో 'గ్లోబ్' అనే ఓడలో ఇంగ్లీషువాళ్లు వచ్చి కోఠీ, అంటే వ్యాపార కేంద్రం, పెట్టుకున్నారు. డచ్చివాళ్ల సమాధులు ఇప్పటికీ ఊళ్లో ఉన్నాయి. ఆ రాళ్ల మీద వాళ్ల వంశాల చిహ్నాలు ఎంత శ్రద్ధగా చెక్కారో మీకు చూపిస్తాను.

ఇంతమంది ఇంత దూరం దేనికి వచ్చినట్టు? ముఖ్యంగా గుడ్డల కోసం. పూలు, లతలు, పక్షులు వేసిన నూలుగుడ్డల కోసం. మీ అమ్మ పండగలకు వేసే కలంకారీ దుప్పటి ఉంది చూడండి, దాని పూర్వీకులన్నమాట.

నేను పుట్టింది బందరులోనే అయినా, ఈ గుడ్డల గొప్పతనం నాకు తెలిసింది లండన్‌లో. మీ పిన్ని దగ్గరకి వెళ్లినప్పుడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంకి తీసుకెళ్లింది. అక్కడ అద్దాల వెనక ఒక పెద్ద గుడ్డ. మధ్యలో వంకర్లు తిరిగిన చెట్టు, కొమ్మకో రకం పువ్వు. పక్కన చీటీ మీద 'కోరమాండల్ తీరం' అని రాసి ఉంది. అంటే మన తీరమే. రెండు మూడు వందల ఏళ్ల కిందటి ఎరుపు నిన్న వేసినట్టుంది. నేను అక్కడే నిలబడిపోయాను. "అమ్మా, ఇంకా చూడాల్సినవి చాలా ఉన్నాయి" అని మీ పిన్ని లాగుతున్నా కదల్లేదు.

తర్వాత చదివితే తెలిసింది. ఈ గుడ్డలంటే యూరప్ జనం ఎంత పడి చచ్చారంటే అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు తమ బతుకు పోతోందని గొడవకు దిగారు. ఫ్రాన్సు 1686లోనే వీటిని నిషేధించింది. ఇంగ్లండు 1721లో అచ్చువేసిన నూలుబట్ట కట్టుకుంటే జరిమానా అని చట్టం చేసింది. ఒక దేశం పార్లమెంటు కూర్చుని మన తీరపు గుడ్డ ఒంటి మీద వేసుకోవద్దని చట్టం రాసుకుందంటే, దాన్ని తయారుచేసిన చేతుల గురించి ఆలోచించండి. వాళ్లలో ఒక్కరి పేరు కూడా ఆ మ్యూజియం చీటీ మీద లేదు. నాకు ఆ సంగతి ఇప్పటికీ బాధే.

ఆ చేతిపని ఇప్పటికీ బతికి ఉన్నది బందరుకి పది కిలోమీటర్ల దూరంలో, పెడనలో. అప్పట్లో కలంతో గీసిన గుడ్డలు ఎక్కువ, ఇప్పుడు పెడనలో చెక్క అచ్చులతో వేస్తారు. మీకు సైన్సు ఇష్టం కదా, ఇది జాగ్రత్తగా చదవండి. ముందు గుడ్డని కరక్కాయ నీళ్లలో నానబెట్టి ఎండేస్తారు. అప్పుడది లేత పసుపుగా అవుతుంది. నలుపు కోసం తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరేస్తారు. ఆ నీళ్లు చూస్తే నలుపేం కనపడదు. అచ్చుతో గుడ్డ మీద వేయగానే, కరక్కాయలో ఉన్న వగరు ఇనుముతో కలిసి నల్లబడుతుంది. ఎరుపు సంగతి ఇంకా చిత్రం. ఎర్ర రంగునే అచ్చు వేయరు, పటిక వేస్తారు. తర్వాత రంగునిచ్చే వేళ్లు వేసి మరిగే నీళ్లలో గుడ్డని ఉడికిస్తే, పటిక పడిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. మిగతా చోట అంటిన రంగు ఉతుకులో, ఎండలో పోతుంది. ఉతకడం కూడా పారే కాలవలోనే. నిలవ నీళ్లలో ముంచితే, ఊడిన రంగు మళ్లీ గుడ్డకే అంటుకుని పాడైపోతుంది. అందుకే కాలవకి నీళ్లు ఆపేసిన రోజుల్లో పెడనలో పని కుంటుపడుతుంది.

అచ్చువేసే ఆయన పక్కన నిలబడి చూడాలి. టేకు అచ్చుని రంగులో అద్ది, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో దబ్‌మని ఒక్కటి కొడతాడు. కొలత కర్ర ఉండదు. అయినా ఒక లత అంచు రెండో లత అంచుకి వెంట్రుకవాసి తేడా లేకుండా అతుక్కుంటుంది.

ఇక లడ్డూ. ఇది నాతో పాటే ఊళ్లు తిరిగింది. మీ తాతయ్యది రైల్వే ఉద్యోగం కాబట్టి పెళ్లవగానే నన్ను ఖరగ్‌పూర్ తీసుకెళ్లారు. బెంగాల్లో ఎలా బతకాలిరా దేవుడా అని టెన్షన్ పడుతూ దిగితే, ప్లాట్‌ఫామ్ మీదే తెలుగు వినపడింది. రైల్వే పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఎన్నో కుటుంబాలు ఎప్పుడో అక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. పక్కింటావిడ "ఏ ఊరమ్మా మీది?" అంది. బందరు అనగానే "లడ్డూల బందరా! ఈసారి వెళ్తే మాకూ తేవాలి మరి" అంది. ఆ ఒక్క మాటతో నాకు చుట్టమైపోయింది.

శనగపిండిని నేతిలో పూసలా వేయించి, రోట్లో దంచి, జల్లెడ పట్టి, బెల్లం పాకంలో కలిపి, మళ్లీ నెయ్యి పోస్తూ రోకళ్లతో దంచుతారు. అందుకే నోట్లో పెట్టుకుంటే పలుకు తగలదు. బుందేల్‌ఖండ్ నుంచి వలస వచ్చిన కుటుంబాలు ఈ పనితనాన్ని ఇక్కడికి తెచ్చాయని ఊళ్లో చెప్పుకుంటారు. 2017లో దీనికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. అంటే వేరే ఊళ్లో చేసిందాన్ని బందరు లడ్డూ అని అమ్మకూడదు.

మన ఊరికి సముద్రం అన్నీ ఇచ్చిందని మాత్రం అనుకోకండి. 1864 నవంబరు 1న ఉప్పెన వచ్చి దాదాపు 30,000 మంది పోయారు. ఊరు ఆ దెబ్బ నుంచి మళ్లీ పాత రేవులా లేవలేకపోయింది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నేను ఖరగ్‌పూర్‌లో ఉన్నాను. రేడియోలో వింటున్నాం తప్ప ఇంటి కబురు లేదు. చివరికి మా నాన్న కార్డు వచ్చింది. "ఇంట్లో అందరం క్షేమం. పెంకులు ఎగిరిపోయినవి. దివిలో మనవాళ్ల సంగతి తెలియలేదు." అంతే రాశారు. ఆ మనవాళ్ల ఇంట్లో ఎవరూ మిగల్లేదని తర్వాత తెలిసింది. అందుకే కృష్ణ సముద్రంలో కలిసే చోట మడ అడవుల్ని కొడుతున్నారంటే నాకు కోపం వస్తుంది. ఆ చెట్లు వేళ్లతో బురదని పట్టి ఉంచి, అల ఊపు తగ్గిస్తాయి. కళ్లముందున్న ఆ రక్షణని మనమే తీసేసుకోకూడదు.

చెప్పాల్సినవాళ్లు ఇంకా ఉన్నారు. కోపల్లె హనుమంతరావుగారు 1910లో ఇక్కడ ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టి, చదువుతో పాటు చేతిపనులు నేర్పించారు. పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకుని ఈ ఊళ్లోనే ప్రారంభించారు. 2020లో అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయినా, నా పాత పాస్‌బుక్కు నేను పారేయలేదు. వాళ్ల సంగతులు మీరు వచ్చాక చెబుతాను.

సంక్రాంతికి వస్తామన్నారు కదా. మొదటి రోజు పెడన. మీ చేత ఒక్కో అచ్చు వేయించమని అక్కడ అడుగుతాను, కాదనరు. పాత బట్టలు తెచ్చుకోండి, ఆ రంగు పడితే వదలదు. రెండో రోజు మంగినపూడి బీచికి వెళ్దాం. అక్కడ తెల్ల ఇసుక ఉండదు, నల్లమట్టి నేల. కాళ్లు కూరుకుపోతాయని చిన్నది ఏడిస్తే పెద్దవాడు ఎత్తుకోవాలి. ఆ పక్కనే 2023లో మొదలైన కొత్త పోర్టు పనులు కూడా దూరం నుంచి చూడొచ్చు. టికెట్లు ఇప్పుడే చేయించమని నాన్నకి చెప్పండి. పండగ ముందు హైదరాబాదు నుంచి బెర్తులు దొరకవు.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ