తంగేడును పూవు చూసి గుర్తుపట్టకండి

చిరంజీవులకు ఆశీస్సులు.

పసుపుపచ్చగా పూసిన ప్రతి పొదకూ తంగేడని పేరు పెట్టి ఫొటోలు పంపారు. అందులో ఒకటి గోడల పక్కన అందానికి పెంచే టెకోమా, ఇంకొకటి కసివింద అనే కలుపుమొక్క! రంగును నమ్మకండి, ఆకు మొదలు చూడండి. తంగేడు ఆకుకాడ కొమ్మను అంటుకున్నచోట రెండు పక్కలా చెవి తమ్మెల్లాంటి చిన్న ఆకురెక్కలు, అంటే పత్రపుచ్ఛాలు, ఉంటాయి. ఆకు ముదిరినా అవి రాలవు. ఒక్కో ఆకుకు ఎనిమిది నుంచి పన్నెండు జతల చిరుఆకులు, జతజతకూ నడుమ నిక్కిన సన్నని గ్రంథి ఉంటాయి. కసివిందకు గ్రంథి ఒక్కటే, అదీ కాడ అడుగున. టెకోమా పూవు గొట్టంలా ఉంటుంది. తంగేడుకు ఐదు రేకులూ విడివిడిగా విచ్చుకుంటాయి.

పూవు దగ్గర కాసేపు కదలకుండా నిలబడండి. అందులో తేనె ఉండదు, వచ్చే తుమ్మెదకు పుప్పొడి ఒక్కటే కూలి. అదీ సులువుగా దొరకదు. కేసరాలు పది, వాటిలో పైమూడూ వట్టివే. మిగతావాటి కొసన చిన్న రంధ్రం మాత్రమే ఉంటుంది. తుమ్మెద వాటిని పట్టుకుని ఒళ్ళంతా అదిరేలా ఝుమ్మంటుంది, అప్పుడు పొడి చిమ్ముకొస్తుంది. ఎగిరేటప్పటి మోతకూ ఈ మోతకూ తేడా మీ చెవులకే తెలుస్తుంది.

ఇక పెంపకం. కాయలు పలుచగా, కాగితంలా ఎండాక గింజలు తీయండి. పైపెంకు గట్టిది కనుక పొయ్యి మీంచి దించిన వేడినీళ్ళు పోసి రాత్రంతా నాననివ్వండి. తొలకరికి నేలలోనే విత్తండి. తల్లివేరు లోతుకు దిగుతుంది, మొక్కను పెరికి మార్చితే అలుగుతుంది. ఎండ బాగా తగలాలి, నీరు నిలవకూడదు. రాళ్ళనేల చాలు. మొదటి వేసవి దాటితే నీళ్ళు మానేయండి. రోజూ చెంబుతో పోసి చంపేవాళ్ళే ఎక్కువ! పశువులు సాధారణంగా మేయవు కాబట్టి కంచె బెడద లేదు. అనంతపురం జిల్లా బీళ్ళలో ఇది అలాగే నిలబడుతోంది.

చిక్కుడు కుటుంబమే అయినా దీని వేళ్ళకు గాలిలోని నత్రజనిని పట్టే బుడిపెలు కట్టవు, వెతికి అలసిపోకండి. బెరడు మాత్రం ఒకప్పుడు దక్షిణాదిలో తోళ్ళు పదును చేయడానికి బండ్లకొద్దీ పోయేది.

బతుకమ్మకు పూలు కోసేటప్పుడు కొమ్మలు విరవకండి. కొన్ని గుత్తులు కాయలకు వదిలేస్తే వచ్చే ఏటికి గింజలు దొరుకుతాయి. ఈసారి ఫొటోలో ఆకు మొదలు కనబడాలి.

మీ తాతయ్య