ఏడు చేపల కథా, డాక్టర్ గారి రెండు గుండెలూ

కాకినాడ

చి. పెద్దోడికి, బుజ్జిదానికి,

అమ్మమ్మ దీవెనలు. ఇక్కడ అందరం కులాసా. పోయిన ఆదివారం వీడియో కాల్‌లో పెద్దోడు ఒక ప్రశ్న అడిగి, జవాబు వినకుండానే ఫుట్‌బాల్‌కి పరిగెత్తాడు. అందుకే ఈ ఉత్తరం. మీ తెలుగు చదువు నత్తనడకని తెలుసు. కూడబలుక్కునే చదవండి, తొందరేం లేదు.

డాక్టర్ హూ అంటే కాలంలో ప్రయాణించే 'డాక్టర్' అనే వింత మనిషి కథ, బ్రిటన్ టీవీ సీరియల్. దాని గురించి వాడడిగింది ఇదీ: "డాక్టర్ హూ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలీట్లేదు. 1996లో ఒక టీవీ సినిమా వచ్చిందట. బుజ్జిదానికి అది చూపిస్తే గంటన్నరలో అంతా తెలిసిపోతుంది కదా?"

తెలిసిపోదురా. అందులో అంతా చెప్పేస్తారు, అదే దాంతో వచ్చిన చిక్కు. అలాగని దాన్ని చూడకుండా వదిలేయమనీ అనను.

అమ్మమ్మకి ఈ గొడవంతా ఎలా తెలుసనుకుంటున్నారేమో. 2013 నవంబర్‌లో నేను మాంచెస్టర్‌లో మీ ఇంట్లోనే ఉన్నాను. బుజ్జిదింకా పుట్టలేదు. పెద్దోడు సోఫా పట్టుకుని ఎక్కుతూ దిగుతూ ఉండేవాడు. ఆ నెలలోనే ఆ సీరియల్‌కి యాభై ఏళ్ళు నిండాయి, టీవీలో అదే సందడి. చలికి గడప దాటలేక, మీ నాన్న దగ్గరున్న డీవీడీలన్నీ ఒక్కొక్కటిగా చూశాను. ముప్ఫై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పినదాన్ని కదా, మొదట్లో ప్రతి సీనుకీ తప్పులు పట్టేదాన్ని. నాలుగో రోజుకి నోరు మూసుకుని చూశాను.

ఆ సీరియల్ 1963 నవంబర్ 23న బీబీసీలో మొదలైంది. మొదటి కథకి దర్శకుడు వారిస్ హుస్సేన్, మన లక్నోలో పుట్టినవాడే. నిర్మాత వెరిటీ లాంబర్ట్ అనే ఆవిడ. ఇద్దరికీ అప్పటికి ముప్ఫై నిండలేదు. డాక్టర్ వేషం వేసిన విలియం హార్ట్‌నెల్‌కి ఆరోగ్యం పాడైనప్పుడు, 1966లో ఒక ఉపాయం పన్నారు. డాక్టర్ వేరే లోకం మనిషి కాబట్టి చావు దగ్గరికొస్తే ఒళ్ళంతా మారిపోతుంది, మనిషి మాత్రం ఆయనే. చిరిగిన బట్ట విడిచి కొత్తది కట్టుకున్నట్టు. అలా నటుడు మారినా కథ ఆగలేదు. ఏడో డాక్టర్ సిల్వెస్టర్ మెకాయ్ దాకా నడిచి, ఇరవయ్యారు సీజన్ల తరవాత 1989 డిసెంబర్‌లో ఆగిపోయింది.

దాన్ని మళ్ళీ లేపాలని ఫిలిప్ సీగల్ అనే నిర్మాత ఏళ్ళ తరబడి తిరిగాడు. ఇంగ్లండ్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడినవాడు. చివరికి బీబీసీ, యూనివర్సల్ స్టూడియో, ఫాక్స్ చానల్ కలిసి ఒక్క సినిమాకి ఒప్పుకున్నాయి. అమెరికా టీవీ వాళ్ళకి ఒక పద్ధతుంది. పెనం మీద ముందు ఒక అట్టు వేసి చూస్తాం చూడండి, అలాగన్నమాట. అది బాగా వస్తే మిగతా పిండి పోస్తారు, లేకపోతే పొయ్యి కట్టేస్తారు. ఆ మొదటి అట్టునే వాళ్ళు పైలట్ అంటారు. ఈ సినిమా సరిగ్గా అదే. 1996 మొదట్లో కెనడాలోని వాంకూవర్‌లో తీశారు. కథ మాత్రం శాన్‌ఫ్రాన్సిస్కోలో, 1999 డిసెంబర్ ఆఖరి రెండు రోజుల్లో జరుగుతుంది. దర్శకుడు జెఫ్రీ సాక్స్, రాసినవాడు మాథ్యూ జేకబ్స్.

కథ క్లుప్తంగా చెప్తాను, చివరిది దాచిపెడతాలే. ఏడో డాక్టర్ కాలంలో తిరిగే తన నీలం పెట్టెలోంచి, అదే టార్డిస్‌లోంచి, చైనాటౌన్‌లో బయట అడుగు పెట్టీ పెట్టగానే వీధి ముఠాల కాల్పుల్లో తూటాలు తగులుతాయి. ఆస్పత్రిలో ఎక్స్‌రే తీస్తే రెండు గుండెలు కనిపిస్తాయి. ఫోటో రెండుసార్లు పడిందనుకుంటారు వాళ్ళు. గుండె డాక్టరమ్మ గ్రేస్ ఒపేరా చూస్తున్నదల్లా ఆ పట్టు గౌనుతోనే ఆపరేషన్‌కి పరిగెత్తుకొస్తుంది. ఒక గుండెకి నేర్చిన చదువు రెండు గుండెల మనిషి మీద పనిచెయ్యదు కదా. ఆయన బల్ల మీదే పోతాడు. గమనించారా, తూటాలు చంపలేదు, బతికించాలని వచ్చినావిడ చేతిలోనే పోయాడు. ఈ ఒక్క ఆలోచనకి నేను వందకి తొంభై వేస్తాను.

శవాల గదిలో కాపలావాడు టీవీలో పాత ఫ్రాంకెన్‌స్టయిన్ సినిమా చూస్తుంటాడు. అందులో రాక్షసుడికి ప్రాణం వస్తుంటే, ఇటు డ్రాయర్‌లో డాక్టర్ ముఖం మారుతుంటుంది. ఆ ఇనుప తలుపుని తన్నుకుని బయటికొచ్చేవాడే పాల్ మెగాన్, ఎనిమిదో డాక్టర్. ఇంకోపక్క ఆయన పాత శత్రువు మాస్టర్, పాములాంటి రూపంలో వచ్చి అంబులెన్స్ మనిషి ఒంట్లో దూరతాడు. ఈ వేషం ఎరిక్ రాబర్ట్స్ వేశాడు. నేను మీకు విక్రమార్కుడి పరకాయ ప్రవేశం చెప్పాను, గుర్తుందా? ఒకడు తన ఒంటినే కొత్తది చేసుకుంటాడు, ఇంకొకడు పక్కవాడి ఒంటిని దొంగిలిస్తాడు. ఇద్దరూ ఒకే జాతి వాళ్ళు. ఈ పోలిక ఒక్కటి పట్టుకుని నడిపించినా సినిమా ఎక్కడికో వెళ్ళేది.

మరి ఎక్కడ చెడింది? మొదటి రెండు నిమిషాల్లోనే.

బొమ్మ పడగానే ఒక గొంతు మొదలవుతుంది. స్కారో అనే గ్రహంట, అక్కడ మాస్టర్‌కి విచారణట, చివరి కోరికట, డాక్టర్ జాతి పేరు టైమ్ లార్డ్‌లట, వాళ్ళకి పదమూడు జన్మలట, మాస్టర్ బూడిదని గాలిఫ్రే అనే ఇంకో గ్రహానికి తీసుకెళ్ళాలట. పైగా ఆ గొంతు మెగాన్‌ది, తెర మీద కనిపించేది మెకాయ్. సినిమా మొదలై ఇరవై నిమిషాలు దాటితేగానీ ఆ గొంతు మనిషి కనబడడు. పాత అభిమానికి ఇవన్నీ తెలిసినవే. కొత్తవాడికి ఇవేవీ అక్కర్లేదు. మరి ఎవరికి చెప్పినట్టు?

ఇప్పుడు ఏడు చేపల కథ తలుచుకోండి. బుజ్జిదానికి నిద్రపట్టాలంటే నేను ఫోన్‌లో ఎన్నిసార్లు చెప్పానో. అనగనగా ఒక రాజు, ఏడుగురు కొడుకులు. వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చి ఎండబెడితే ఒకటి ఎండలేదు. చేపా చేపా, ఎందుకు ఎండలేదు? గడ్డిమోపు అడ్డొచ్చింది. గడ్డిమోపూ, ఎందుకు అడ్డొచ్చావు? ఆవు మేయలేదు. ఆవునడిగితే మేపేవాడి మీద, వాడినడిగితే బువ్వ పెట్టని అవ్వ మీద, అవ్వనడిగితే ఏడ్చిన పిల్లాడి మీద, పిల్లాణ్ణడిగితే కుట్టిన చీమ మీద. చివరికి చీమ ఏమంటుంది? "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?"

ఇదే కథని తిరగేసి చెప్పి చూడండి. "అనగనగా ఒక చీమ. దానికొక పుట్ట. అందులో ఒక పిల్లాడు వేలు పెట్టాడు, అది కుట్టింది, వాడేడిచాడు, దాంతో అవ్వకి తీరలేదు..." చేప దాకా వచ్చేసరికి వినేవాడు లేచిపోతాడు. ఒక్క సంగతీ తగ్గలేదు, అడిగేవాడే లేడు. ఎండని చేప ఒకటి ముందు కళ్ళబడాలి, తరవాతే మిగతావన్నీ.

1963లో ఆ కుర్ర దర్శకుడు చూపించింది ఎండని చేపనే. ఇద్దరు టీచర్లకి ఒక స్టూడెంట్ మీద అనుమానం వస్తుంది. కొన్ని విషయాలు మాకంటే ఎక్కువ తెలుసే దీనికి, ఇంకొన్ని చిన్నపిల్లలకి తెలిసినవి కూడా తెలీవే, అని. వెనకాలే వెళ్తే పాత సామాన్ల దొడ్డి, అందులో పోలీసులకి ఫోన్ చేసుకునే నీలం పెట్టె, ఆ పెట్టె లోపల పెద్ద గది. టీచర్లకి తెలిసినంతే మనకీ తెలుస్తుంది. టైమ్ లార్డ్ అనే మాట సీరియల్లో వినబడటానికి ఇంకో ఆరేళ్ళు పట్టింది!

సినిమా అమెరికాలో 1996 మే 14న వచ్చింది. అదే సమయానికి వేరే చానల్లో రోజన్ అనే బాగా ఆడుతున్న సీరియల్ పడింది. జనం చాలినంత రాలేదు, పొయ్యి కట్టేశారు. మే 27న బ్రిటన్‌లో వేస్తే 90 లక్షల మందికి పైగా చూశారు. దానికి వారం ముందే మూడో డాక్టర్ జాన్ పెర్ట్‌వీ పోయాడు, ఆ ప్రసారాన్ని ఆయనకే అంకితం ఇచ్చారు. అక్కడ అంతమంది చూసినా సీరియల్ కాలేదు. డబ్బు సంచీ అమెరికాలో ఉంది మరి.

తొమ్మిదేళ్ళ తరవాత 2005 మార్చి 26న రస్సెల్ టి. డేవిస్ అనే రచయిత దాన్ని మళ్ళీ మొదలుపెట్టినప్పుడు ఏం చేశాడో చూడు పెద్దోడా. రోజ్ అనే అమ్మాయి, లండన్‌లో బట్టల షాపులో ఉద్యోగం. రాత్రి షాపు మూసే వేళ కింది అంతస్తులో బొమ్మలు కదులుతాయి. ఎవరో చెయ్యి పట్టుకుని పరిగెత్తమంటాడు. ఎవరతను? అంతే, గ్రహాల పేర్లు లేవు. మెగాన్ ముఖం ఎప్పుడు మారిందో, ఎందుకు మారిందో కూడా చెప్పలేదు. మళ్ళీ ఏడు చేపలే.

సినిమాలో నా తగాదాలు ఇంకో రెండున్నాయి. డాక్టర్ ఒకచోట తల్లి వైపు నుంచి తాను సగం మనిషినంటాడు. దీని మీద అభిమానులు ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు. రెండు గుండెలవాడు పరాయివాడుగా ఉంటేనే బావుంటుందని నా లెక్క. రెండోది, ప్రపంచాన్ని కాపాడటానికి ఒక అణు గడియారంలోంచి బెరీలియం ముక్క కావాలంటారు. నేను బోర్డు మీద రాసి రాసి అరగదీసింది సీజియం. సీజియం-133 పరమాణువు నుంచి వచ్చే తరంగం 919,26,31,770 సార్లు ఊగితే ఒక సెకను. 1967 నుంచి లోకమంతా ఇదే లెక్క. బెరీలియంతోనూ ప్రయోగాలు జరిగాయి కాబట్టి తప్పని కొట్టెయ్యను, అర మార్కు కోస్తాను.

మరి చూడమని ఎందుకంటున్నానూ? మెగాన్ కోసం. తన పేరే మర్చిపోయినవాడు, ఎవరివో పాత బూట్లు వేసుకుని, అవి పాదాలకి సరిపోయాయని చిన్నపిల్లాడిలా మురిసిపోతాడు. తెల్లకోటు లోకమంతా ఆయన్ని పిచ్చివాడంటుంటే ఆయన బూట్లు చూసుకుంటుంటాడు. టార్డిస్ లోపల కూడా మిషన్ల గదిలా ఉండదు. చెక్క, కొవ్వొత్తులు, పుస్తకాలు, కుర్చీ, టీ. అలాంటి ఇల్లుంటే నేనూ కాలంలో తిరిగేదాన్నే.

ఈ ఒక్క వేషంతో మెగాన్ పని అయిపోయిందనుకున్నారు. 2001 నుంచి ఆడియో నాటకాల్లో ఆయన గొంతే ఎనిమిదో డాక్టర్‌ని బతికించింది. టీవీ వాళ్ళు పిలిచింది మాత్రం పదిహేడేళ్ళకి. 2013 నవంబర్ 14న ఏడు నిమిషాల చిన్న కథ, ఇంటర్నెట్‌లో పెట్టారు. మీ నాన్న ఫోన్ పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి "అత్తయ్యా, ఆయనొచ్చాడు" అన్నారు. పోపు మాడిపోయింది. ఆ ఏడు నిమిషాల్లోనే ఆయన ముఖం మారిపోవడం కూడా చూపించేశారు. ఒక నౌక కూలిపోతుంటే అందులో అమ్మాయిని కాపాడబోతాడు. టార్డిస్‌ని చూసి ఆమె రానంటుంది, ఆమెని వదిలి ఆయనా కదలడు. ఒక్క గ్రహం గురించీ ఎవరూ పాఠం చెప్పరు, అయినా ఏదీ అర్థం కాకుండా పోదు.

ఇక పెద్దోడికి పని. నా మాట నమ్మక్కర్లేదు, ప్రయోగం చెయ్యి. బుజ్జిదానికి ఇవేవీ తెలీవు కాబట్టి ఇంతకంటే మంచి అవకాశం దొరకదు. ఈ ఉత్తరం మాత్రం దానికి తరవాత చదివి వినిపించు. ఒకరోజు సినిమా మొదటి పది నిమిషాలు చూపించి ఆపెయ్యి. దాని మనసులో ఏ ప్రశ్నలున్నాయో కాగితం మీద రాయమను. మర్నాడు 2005 కథ పది నిమిషాలు, ఇంకో కాగితం. నువ్వు పక్కన కూర్చుని ఏదీ వివరించకూడదు. నీకది కష్టమని తెలుసు, దిండు నోట్లో పెట్టుకో. రెండు కాగితాలూ ఫోటో తీసి పంపు. ఏ కాగితం రాశాక "తరవాత ఏమైంది, పెట్టరా అన్నయ్యా" అని నిన్ను వేధించిందో అది కూడా రాయి.

మీ అమ్మకి చెప్పండి, ఆవకాయ జాడీ పార్సిల్ చేశాను.

మీ అమ్మమ్మ