‘అడుగుకు ఎంత?’ అని అడిగే ముందు

హనుమకొండలో సైట్లు చూసుకునే నాకు రోజూ ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "సార్, ఇల్లు కట్టాలంటే అడుగుకు ఎంత పడుతుంది?" దీనికి టక్కున ఒక అంకె చెప్పేవాళ్లను నేనైతే నమ్మను.

అపోహ: తక్కువ రేటు చెప్పిన మేస్త్రికి ఇస్తే డబ్బు మిగులుతుంది.

వాస్తవం: అది ఏ అడుగో ముందు తేలాలి. ఇంటాయన గోడల లోపల కొలుచుకుంటాడు. మేస్త్రి స్లాబు ఎక్కి ఈ అంచు నుంచి ఆ అంచుకు టేపు పట్టిస్తాడు. బాల్కనీ, మెట్ల మీది స్లాబు అన్నీ అందులోకే వస్తాయి. ఈయన లెక్కలో 1,000 అడుగులైతే ఆయన లెక్కలో 1,150. అడుగుకు 1,800 అనుకున్నా తేడా 2,70,000 రూపాయలు. ఇందులో మోసమేం లేదు, స్లాబు ఏరియా మీద మాట్లాడుకోవడం మా దగ్గర మామూలే. కాగితం మీద రాసుకోకపోవడంతోనే తంటా. బాల్కనీకి సగం రేటా, పూర్తి రేటా అన్నదీ అందులో ఉండాలి. కొత్తలో ఒక పెద్దాయనకు ఈ మాట చెప్పడం మర్చిపోయాను. నీళ్లు కట్టిన స్లాబు మీద టేపు ఒక కొన ఆయన, ఇంకో కొన మేస్త్రి పట్టుకుని మధ్యలో నన్ను నిలబెట్టారు.

అపోహ: ఆ రేటులోనే ఇల్లంతా అయిపోతుంది.

వాస్తవం: సంపు, సెప్టిక్ ట్యాంకు, కాంపౌండు గోడ, బోరు, గేటు మామూలుగా వేరే. పునాది సంగతి నేలను బట్టి. మన వైపు ఒకచోట పైపైనే మొరం తగులుతుంది, ఇంకోచోట నల్లరేగడి. రేగడైతే గట్టి నేల వచ్చేదాకా తవ్వాల్సిందే. చుట్టాలింటి ఖర్చు మీ ప్లాటుకు పనికిరాదు.

అపోహ: లేబర్ కాంట్రాక్టు ఇచ్చి సామాను మనమే కొంటే చౌక.

వాస్తవం: రోజూ సైటు మీద ఉండే మనిషి ఉంటే నిజమే. లేకపోతే వానకు తడిసిన సిమెంటు బస్తా ఖర్చూ మీదే. స్టీలు లోడు రాగానే కాంటా వేయించండి. 12 ఎంఎం సలాక 12 మీటర్ల పొడవుంటే దాదాపు 10.66 కిలోలు తూగాలి. విడిగా కట్టుకునే సొంతింటికి ఉత్త లేబర్ కాంట్రాక్టయితే జీఎస్టీ లేదు. సామానుతో కలిపి రిజిస్టర్డ్ కాంట్రాక్టరు బిల్లిస్తే 18 శాతం.

అపోహ: అడ్వాన్సు ఎక్కువిస్తే పని జోరుగా సాగుతుంది.

వాస్తవం: చాలాసార్లు ఆ డబ్బు ఇంకో సైటు కూలీలకు పోతుంది. ఏ దశ అయితే ఆ దశకే ఇవ్వండి. చివరి విడత మాత్రం, పై బాత్రూములో నీళ్లు నిలబెట్టి, మర్నాడు కింద గది సీలింగుకు చెమ్మ లేదని చేత్తో తడిమి చూశాకే.