గుడ్లగూబను టైప్ చేయడం తేలికే, పేర్చడమే కష్టం

ఈజిప్టు గుళ్ల గోడల మీద ఉన్నవి బొమ్మలు కదా, కంప్యూటర్‌లోకి ఎక్కించాలంటే వాటిని గీయడమే పెద్ద పని అనుకుంటాం. అసలు తంటా అక్కడ కాదు. హైరోగ్లిఫ్ అనే ఆ రాత ఒక వరుసలో సాగదు. మన ఒత్తులు అక్షరం కిందికి దిగినట్టే అక్కడా ఒక గుర్తు కింద ఇంకోటి, పక్కన మరోటి చేరి, అన్నీ కలిసి ఒక గడిలో సర్దుకుంటాయి. 'ఆకాశం' అనే మాటే తీసుకోండి. పైన చిన్న పీట, దాని పక్కన రొట్టె, ఆ రెండింటి కింద అడ్డంగా ఆకాశం గుర్తు.

1822లో ఫ్రెంచ్ పండితుడు షాంపోలియన్ ఈ లిపి గుట్టు విప్పాక చాలాకాలం పుస్తకాలకు చేతిరాత, సీసపు అచ్చులే దిక్కు. 1927లో ఇంగ్లిష్ పండితుడు అలన్ గార్డినర్ తన ఈజిప్టు భాషా వ్యాకరణంలో గుర్తులను వర్గాలుగా విడదీసి నంబర్లిచ్చాడు. కూర్చున్న మగమనిషి ఏ1, గుడ్లగూబ జీ17. నేటి సాఫ్ట్‌వేర్లకూ ఆ నంబర్లే ఆధారం.

కంప్యూటర్లు వచ్చాక గుర్తులతోపాటు పేర్పునూ కీబోర్డుతో చెప్పే పద్ధతి కావాల్సివచ్చింది. 1984లో పారిస్‌లో కూర్చున్న ఈజిప్టు పండితులు అందరికీ ఒకే పద్ధతి ఉండాలనుకున్నారు. అదే 'మాన్యుయెల్ ద కోదాజ్' (కోడింగ్ చేతిపుస్తకం)గా 1988లో పుస్తకమైంది. గుర్తులు పక్కపక్కన ఉంటే *, ఒకదాని కింద ఒకటి ఉంటే :, తర్వాతి గడికి వెళ్లాలంటే హైఫన్. పీట 'పీ', రొట్టె 'టీ', ఆకాశం గుర్తు 'పీటీ' కాబట్టి, ఆకాశం 'పీ*టీ:పీటీ' అవుతుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో ఆర్‌టీఎస్ అనే పద్ధతితో తెలుగు కొట్టిన పాతకాపులకు ఇందులో వింతేమీ కనిపించదు.

ఈ కోడ్‌ను చక్కటి రాతగా చూపించే ఉచిత ఎడిటర్ జేసెష్. ఫ్రాన్స్‌లో సెర్జ్ రోస్మోర్‌డ్యుక్ రాశాడు, సోర్స్ కోడ్ కూడా బయటే ఉంది. 'సెష్' అంటే పాత ఈజిప్టు భాషలో రాయసగాడు, ముందున్న 'జే' జావా అనే ప్రోగ్రామింగ్ భాషది. 'ఎం' కొడితే గుడ్లగూబ వాలుతుంది. ఒకే ధ్వనికి చాలా గుర్తులుంటే స్పేస్ నొక్కుతూ కావాల్సినది ఎంచుకోవచ్చు. టుటన్‌ఖామున్ పేరు దగ్గర మాత్రం కొత్తవాళ్లు తడబడతారు. చదివేటప్పుడు చివర పలికే అమున్, దేవుడు కాబట్టి, రాతలో ముందుకొస్తాడు. ఎంతటి రాజైనా దేవుడి వెనకే.

2009లో అన్ని లిపుల అక్షరాలకూ కంప్యూటర్‌లో నంబర్లిచ్చే ప్రమాణమైన యూనికోడ్ 1,071 గుర్తులను చేర్చుకుంది గానీ, అవి పూసల్లా ఒకే వరుసలో నిలబడ్డాయి. ఒత్తులన్నీ పక్కకు లాగేసిన తెలుగును ఊహించుకోండి. మీద, కింద, పక్కన అని చెప్పే అదృశ్య సంకేతాలు రావడానికి మరో పదేళ్లు పట్టింది. 2024లో ఇంకో 3,995 గుర్తులు చేరాయి. ఈజిప్టును ఏలిన గ్రీకు టోలమీ రాజుల కాలంలో గుడి గోడలను నింపిన పూజారులు గుర్తులను అంత విచ్చలవిడిగా పెంచేశారు మరి.

ఆ సంకేతాలను సరిగ్గా పాటించే ఫాంట్లు, ప్రోగ్రాములు ఇంకా తక్కువే. అందుకే జేసెష్ నుంచి బొమ్మగా కాపీ చేసి వర్డ్‌లో అతికించుకోవడం ఇప్పటికీ మామూలే. బొమ్మలో మాట వెతకడం కుదరదు. జేసెష్ దాచిన ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మాత్రం, ఆనాటి నక్షత్రాలూ కోలన్లూ అలాగే కనిపిస్తాయి.