నువ్వు, మీరు, యూ

బుజ్జికీ చిట్టికీ తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి వచ్చినప్పుడు చిట్టి ఒక మాట అడిగింది. జవాబు తోచక చేతిలో అరిసె పెట్టి పంపేశాను. "ఇంగ్లీషులో అమ్మకీ యూ, టీచరుకీ యూ, డ్రైవరుకీ యూ. మరి కొబ్బరికాయల దింపుకొచ్చిన తాతని మనం నువ్వంటాం, ఆయన నన్ను పాపగారూ మీరూ అంటాడేం? నాకన్నా పెద్దే కదా?" నెల దాటింది. ఆ మాట చేప ముల్లులా గొంతులోనే ఉంది.

ఇంగ్లీషులోనూ ఒకప్పుడు రెండు మాటలుండేవర్రా. 'దౌ' అంటే నువ్వు, 'యూ' అంటే మీరు. రానురాను 'దౌ' వాడుకలోంచి జారిపోయి అందరికీ 'యూ' మిగిలింది. అంటే పెద్దల్ని కిందికి దించలేదు, కిందివాళ్లనే పైకి తేల్చారన్నమాట. పదిహేడో శతాబ్దంలో క్వేకర్లనే మతంవాళ్లు మాత్రం దీనికి ఎదురుగా వెళ్లి, ఎంత గొప్పవాణ్ణయినా 'దౌ' అనే పిలిచారు. ఆ పిలుపుకి కొందరు దెబ్బలు కూడా తిన్నారు.

కాలువ మీద లాకులు చూశారుగా. పై కాలువ నీళ్లు ఎత్తులో ఉంటాయి, కింది కాలువవి పల్లంలో. కిందనుంచి వచ్చిన పడవని రెండు తలుపుల మధ్య నిలిపి వెనక తలుపు మూసేవారు. పైనుంచి నీళ్లు వదిలితే పడవ తనంతట తనే అంగుళం అంగుళం లేచేది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ కాలువలు పొలాలకే కాదు, పడవలకీ దారులయ్యాయి. మా చిన్నప్పుడు పెళ్లివారు కూడా పడవల్లోనే వచ్చేవారు. లాకులో పడవ లేస్తుంటే మా నానమ్మ కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకునేది. నేను గోడ నాచు మీద వేలితో గీత గీసి ఎంత లేచామో చూసుకునేవాణ్ణి. రెండు పక్కలా నీరు సమం కాకపోతే ముందు తలుపు ఎంతమంది నెట్టినా కదలదు. సమమైందా, ఇద్దరు తోస్తే చాలు.

నువ్వు కింది కాలువ, మీరు పై కాలువ అనుకోండి. ఇంగ్లీషువాళ్ల పడవలన్నీ పైకి లేచాయి. లేచినా పడవలో బరువు తగ్గలేదు. మన దేశానికొచ్చిన దొరలు అందరినీ యూ అంటూనే, మనవలున్న నౌకరుని కూడా 'బోయ్' అని కేకేసేవారు. బోయ్ అంటే కుర్రాడని మీకు తెలుసుగా. మరి ఆ బరువు ఏ రేవులో దించాలి, లాకు తలుపు తాళం ఎవరి దగ్గరుంది... సరే, ఈ పోలికని ఇక్కడే ఒడ్డెక్కిస్తాను, మునిగేలా ఉంది.

నా పదో ఏట మావయ్యతో ఎదుర్లంక రేవులో గోదావరి దాటించే పంటు పడవెక్కి యానాం వెళ్లాను. 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న ఊరది. ఫ్రెంచి బడిలో చదువుకున్న ఒక పెద్దాయన అరుగు మీద కూర్చోబెట్టి, "మనకి నువ్వు, మీరు ఉన్నట్టే వాళ్లకి తూ, వూ" అన్నారు. తూ అనగానే, ఉమ్మేసినట్టుందని పకపకా నవ్వాను. మావయ్య నెత్తిన మొట్టాడు. రాజు తల తీసేసిన ఏడాది, 1793లో, పారిస్ జనం ఇక వూ వద్దు, అందరం తూ అనుకుందాం అన్నారని కూడా ఆయనే చెప్పారు. కొన్నేళ్లకే వూ తిరిగొచ్చి తన కుర్చీలో కూర్చుందట.

అయితే నువ్వు అనడం తప్పా? అమ్మని నువ్వంటాం. అంతర్వేది నరసింహస్వామినీ నువ్వే దిక్కంటాం. కానీ అమ్మ కూడా నిన్ను నువ్వే అంటుంది. నీళ్లు సమం. దింపు తాత నిన్ను తిరిగి నువ్వనగలడా, చూడు. గోదావరోళ్లు అండీ లేకుండా మాట్లాడరని బయటివాళ్లు మెచ్చుకుంటారు. ఆ అండీ ఎవరి గుమ్మం దాకా వెళ్లి ఆగిపోతుందో ఎవరూ చూడరు.

యానాం నుంచి వచ్చిన ఉత్సాహంలో నేనొకసారి మన తోటలో చెట్టు దిగిన మనిషిని "ఎన్ని కాయలు దింపారండీ?" అని అడిగాను. ఆయన అటూ ఇటూ చూశాడు. "అలా అనకండి బాబుగారూ. నాన్నగారు వింటే నా పని పోద్ది." గొప్ప పని చేశాననుకున్న నాకు ముఖం చిన్నబోయింది. మర్నాటినుంచి మళ్లీ ఒరేయే. ఇందాక పైన 'దిగినవాణ్ణి' అని రాసి, కొట్టేసి, 'మనిషిని' అని దిద్దాను. చెయ్యి అలా అలవాటుపడింది.

మీరు చూసిన తాత ఆయన కొడుకే. ఇప్పుడు చెట్టెక్కేది మనవడు, కింద కాయలు లెక్కపెట్టేది తాత. వేసవి సెలవులకి వచ్చినప్పుడు ఆయన పక్కన కూర్చుని మీరూ లెక్కపెట్టండి. ఏమని పిలవాలో నన్నడక్కండి, ఆయన్నే అడగండి. పేరు కూడా అడగండి. మేం ఇన్నేళ్లూ దింపోడనే పిలిచాం. తెలిస్తే వెంటనే నాకు చెప్పండి.

మీ తాతయ్య